వెలగని బ్రేక్ లైటు: కారు యజమానికి ఉన్న హక్కు, యజమాని మీద ఉన్న బాధ్యత

బ్రేకు నొక్కినప్పుడు కారు వెనుక వెలగవలసిన ఎర్ర దీపం ఆరిపోతే, ఆ లోపం కారు నడిపేవారి కంటికి కనబడదు సరికదా, దానివల్ల ముందుగా ప్రమాదంలో పడేది వెనుక వచ్చేవారే కాబట్టి, చట్టం ఈ దీపాన్ని యజమాని సొంత వ్యవహారంగా వదిలిపెట్టలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 102వ నియమం ప్రకారం, వాహనం ఆగబోతున్నదన్న సంకేతాన్ని వెనుక అమర్చిన ఎర్రటి విద్యుద్దీపం ఇవ్వాలి, బ్రేకు వేయగానే అది వెలగాలి. అనంతపురం నుంచి కదిరికి వెళ్లే 42వ జాతీయ రహదారి మీద ఉన్న ముదిగుబ్బ వంటి చోట, లారీలు, ఆర్టీసీ బస్సులు, వేరుశనగ బస్తాలు వేసుకున్న ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు ఒకే దారిలో ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి గనుక, ఈ నియమం అవసరమేమిటో అక్కడివారికి వివరించి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు చాలా కార్లలో ఈ బ్రేక్ దీపంగా అమర్చుతున్న ఎల్‌ఈడీ అంటే విద్యుత్తు ప్రవహించగానే వెలుగునిచ్చే చిన్న అర్ధవాహక దీపం. పాత బల్బులోని తీగ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో దాదాపు అయిదో వంతు పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెనుక వచ్చే బండి ఆ కొద్దిపాటి వ్యవధిలోనే నాలుగు మీటర్లకు పైగా ముందుకు వస్తుంది కాబట్టి, తక్షణం వెలిగే ఎల్‌ఈడీ నిస్సందేహంగా మేలైనది. అయితే పాత బల్బు మాడిపోతే ఏ ఊరి దుకాణంలోనైనా కొని బిగించుకునే వీలుండేది. ఎల్‌ఈడీలను సర్క్యూట్ బోర్డుకు టంకం వేసి, పైన ప్లాస్టిక్ మూత అతికించి, విప్పరాని ఒకే యూనిట్‌గా అమర్చుతున్నందువల్ల, లోపల ఒక్క దీపం చెడినా మొత్తం టెయిల్ ల్యాంపు మార్చాలని సర్వీస్ సెంటర్లు చెప్పడం మామూలైంది. వినియోగదారుడికి, విక్రేతకు మధ్య తగవు ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

ఆ తగవులో మొదటి ప్రశ్న చెడినది దీపమేనా అన్నది. రెండు వైపుల లైట్లు, వెనుక అద్దం పైభాగాన ఉండే మూడో లైటు ఒకేసారి ఆరిపోతే, సాధారణంగా తప్పు ఫ్యూజులోనో, బ్రేకు పెడల్ దగ్గరుండే స్విచ్‌లోనో ఉంటుంది. ఒక్క వైపే వెలగకపోతే ముందుగా కనెక్టరును, ఎర్తు తీగను చూసి, ఆ తరువాతే దీపాన్ని అనుమానించాలి. కనెక్టరు విప్పినప్పుడు ఇత్తడి పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడితే నీరు చేరిందని అర్థం, దానిని శుభ్రం చేస్తే కొన్నిసార్లు అదే దీపం మళ్లీ వెలుగుతుంది. అందువల్ల బండిని అప్పగించేటప్పుడు సర్వీస్ సెంటరు రాసుకునే జాబ్ కార్డులో, అంటే యజమాని చెప్పిన ఫిర్యాదును, చేయబోయే పనిని నమోదు చేసే పత్రంలో, లోపానికి కారణమేమిటో కూడా రాయించుకుని ప్రతి తీసుకోవాలి. మార్చిన పాత దీపాన్ని చూపమని అడగడానికి కూడా యజమాని మొహమాటపడవలసిన పని లేదు.

జాబ్ కార్డు హక్కుకు ఆధారమైనట్టే బాధ్యతకూ ఆధారమవుతుందన్న సంగతిని మాత్రం చాలామంది గమనించరు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షను ప్రకారం, ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ, లేదా మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసే వీలుండీ, అటువంటి వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపడం నేరం. 2019 సవరణ తరువాత దీనికి జరిమానా 1,500 రూపాయలు. ఆ లోపం కారణంగా ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైనా, ఆస్తికి నష్టం కలిగినా, మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు. లైటు వెలగడం లేదని సర్వీస్ సెంటరులో రాయించుకున్న యజమాని, విడిభాగం రావడానికి పక్షం రోజులు పడుతుందని అన్నారు కదా అని అదే కారును రాత్రిపూట హైవే మీదికి తీసుకువెళితే, తెలియక నడిపానని చెప్పుకునే అవకాశాన్ని ఆ జాబ్ కార్డే తీసివేస్తుంది. విక్రేత ఆలస్యం యజమానికి నష్టపరిహారం అడిగే హక్కునిస్తుందే తప్ప, లైటు లేకుండా నడిపే అనుమతినివ్వదు. ఈ రెండింటినీ కలిపి చూసుకోవడం వల్లే చాలామంది చిక్కుల్లో పడుతున్నారు.

హక్కుల విషయానికి వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువులో లోపాన్ని, సేవలో లోపాన్ని వేరువేరుగా నిర్వచించింది. వారంటీ కాలంలో దీపం దానంతట అది చెడితే అది వస్తువులో లోపం. కారణం తేల్చకుండా యూనిట్ మార్చి డబ్బు వసూలు చేస్తే, లేదా అకారణంగా వారాల తరబడి తిప్పితే అది సేవలో లోపం. లోపాన్ని సరిచేయమని, వస్తువును మార్చి ఇమ్మని, ధర తిరిగి చెల్లించమని, నష్టపరిహారం ఇమ్మని ఆదేశించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు 39వ సెక్షను కింద ఉంది. అయితే బ్రేక్ లైటు చెడిందని కొత్త కారే కావాలని కోరడం నిలబడదు. మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు, లోపం ఒక భాగానికి పరిమితమైనప్పుడు వారంటీ ప్రకారం ఆ భాగాన్ని మార్చడమే సరైన పరిహారమని, మొత్తం కారును మార్చమనడం తగదని తేల్చింది.

ముదిగుబ్బలోనో ధర్మవరంలోనో తెలిసిన మెకానిక్ చేత పని చేయించుకుంటే వారంటీ పోతుందేమోనన్న భయం సహజమైనదే. కార్ల విడిభాగాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్న ఫిర్యాదు మీద, వ్యాపార పోటీని కాపాడే సంస్థ అయిన కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా విధిస్తూ, బయట పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందని షరతు పెట్టరాదని చెప్పింది. కంపెనీలు పై న్యాయస్థానాలకు వెళ్లాయి కాబట్టి, ఆ ఉత్తర్వును చూపితే చాలునని అనుకోకుండా, వారంటీ ఉన్నన్నాళ్లు ముందుగా అధీకృత కేంద్రాన్ని రాతపూర్వకంగా అడిగి, వారు నిరాకరిస్తేనే బయటికి వెళ్లడం క్షేమం. ఎక్కడ చేయించుకున్నా బిల్లు తీసుకోవాలి; బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది.

కారు పెనుకొండ దగ్గరి ఎర్రమంచి కర్మాగారంలో తయారైనా, బెంగళూరు షోరూమ్‌లో కొన్నా, వినియోగదారుడు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చునని 34వ సెక్షను చెబుతోంది. ఎదుటి పక్షం ఉన్న ఊరికో, వివాదం తలెత్తిన ఊరికో వెళ్లవలసి వచ్చిన పాత చట్టంతో పోలిస్తే, హిందూపురం, పెనుకొండ ప్రాంతాల నుంచి కర్ణాటకకు వెళ్లి కార్లు కొనేవారికి ఈ మార్పు చేసిన మేలు ఇంతా అంతా కాదు. పుట్టపర్తిలో సొంతంగా టాక్సీ నడుపుకుంటూ దాని మీదే బతికే డ్రైవరు కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు, 5 నుంచి 10 లక్షల దాకా అయితే 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల దాకా 400 రూపాయలు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి.

కమిషన్ దాకా వెళ్లే ముందు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేస్తే, కంపెనీతో మాట్లాడి పరిష్కరించే ప్రయత్నం జరుగుతుంది. అది ఫలించకపోతే విక్రేతకు, తయారీదారుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, ఫిర్యాదుకు బిల్లు, జాబ్ కార్డు, వారంటీ పుస్తకం, వెలగని లైటు ఫొటో జతచేయాలి. లోపాన్ని ప్రయోగశాలలో పరీక్షించవలసిన అవసరం లేకపోతే మూడు నెలల్లో, అవసరమైతే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం కమిషన్‌కు గడువు పెట్టింది. న్యాయవాదిని పెట్టుకోకుండా ఫిర్యాదుదారే వాదించుకోవచ్చు, వీడియో ద్వారా విచారణ జరపమని కోరవచ్చు. మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు, దానికి ఫోను నంబరు 15100.