ఛాయాచిత్రమున నడిమి స్థానము

కొన్ని యేండ్లకు పూర్వము, మా పాఠశాలలో గంట కొట్టు వృద్ధుడు పని విరమించినప్పుడు, ఆయన ఛాయాచిత్రము తీయు భారము మాపై బడినది. అప్పటికి మేము ఛాయాచిత్రకళను గూర్చి క్రొత్తగా చదువుచుంటిమి. మనుష్యుని చిత్రమునకు నట్టనడుమ నిలుపరాదనియు, చట్రమును నిలువుగను అడ్డముగను మూడేసి భాగములు చేసి, గీతలు కలియు చోట నిలుపవలెననియు చదివియుంటిమి. కావున ఆయనను కుడివైపునకు జరిపి, ఎడమవైపున ఖాళీ గోడను విడిచి చిత్రము తీసితిమి. అది శాస్త్రోక్తముగా నున్నదని సంతోషించితిమి. ఆయన కుమార్తె ఆ చిత్రమును చేతబట్టి కొంతసేపు చూచి, "మా నాయన పక్కన ఇంకెవరిని నిలబెడదామనుకొన్నారయ్యా?" అని యడిగెను.

మాకు సమాధానము తోచలేదు. మఱియొక చిత్రము తీసెదమని మాట యిచ్చితిమి గాని, అది చెల్లింపకమునుపే యాయన గతించెను. ఇంటివారు ఆ గోడ భాగమును కత్తెరతో తీసివేసి, ఆయన నడుమ వచ్చునట్లు చేసి పటము కట్టించిరి. అది మేము తీసినదానికంటె మేలుగా నుండెను. మా పొరపాటు ఎచ్చట నున్నదో విచారింపగా తెలిసిన సంగతులను విద్యార్థుల యుపయోగార్థము ఇచ్చట వ్రాయుచున్నాము.

మూడవవంతుల సూత్రము

సెల్ ఫోనులోని కెమెరాను తెఱచి, అమరికలలో కోరినయెడల, తెరమీద రెండు నిలువు గీతలును రెండు అడ్డ గీతలును కనబడును. తెర తొమ్మిది గడులగును. ముఖ్యవస్తువును ఈ గీతలమీదనో, అవి ఖండించుకొను నాలుగు బిందువులయొద్దనో యుంచవలెననుటయే మూడవవంతుల సూత్రము. ఈ పేరును 1797లో జాన్ థామస్ స్మిత్ అను ఆంగ్ల చిత్రకారుడు, గ్రామీణ దృశ్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున వాడెను. ఆయన చెప్పినది ప్రధానముగా పాళ్ల సంగతి. నేలయు ఆకాశమును, వెలుగును నీడయు సరిసగముగా పంచుకొనుటకంటె, ఒకదానికి రెండు వంతులును వేఱొకదానికి ఒక వంతును ఇచ్చుట కంటికింపుగా నుండునని ఆయన మతము.

పొలములు, చెఱువులు, కొండలు గల దృశ్యములకు ఈ మాట నేటికిని పనికివచ్చును. పరుగెత్తు బాలుని ముందరను, ఎగురు కొంగ ముందరను కొంత చోటు విడువవలెననుటయు సత్యమే. వారు పోవు దిక్కునకు మన చూపును పోవును. ఇంతవరకు సూత్రముతో మాకు తగవు లేదు. గోడముందు నిలిచి మనవంక తిన్నగా చూచు వృద్ధునికి దానిని వర్తింపజేయుటయే మా పొరపాటు. ఆయన ఎటును పోవుట లేదు. మేము విడిచిన చోటుతో ఆయనకు పని లేదు.

నడుమ నిలిపిన చిత్రములు

నడుమ నిలుపుట నేర్పులేనివారి పని యని కొందఱు తలంతురు. ఇటలీలోని మిలాన్ నగరమున ఒక మఠపు భోజనశాల గోడమీద లియొనార్డో డావించీ 1495 మొదలు 1498 వఱకు చిత్రించిన కడరాత్రి భోజనమును జూడుడు. దాని వెడల్పు 8.8 మీటర్లు. క్రీస్తు నట్టనడుమ కూర్చుండగా, శిష్యులు ఇరువైపుల ఆరుగురు చొప్పున, ముగ్గురేసి గుంపులుగా నున్నారు. పైకప్పు దూలముల గీతలను పొడిగించినచో అవి యన్నియు క్రీస్తు శిరస్సునొద్దనే కలియును. లియొనార్డో ఆ చోట మేకు గొట్టి, దారములు లాగి గీతలు గీసికొనెనని చెప్పుటకు, ఆ మేకు రంధ్రము నేటికిని గోడయందు కలదు. శిష్యులు కలవరపడి చేతులాడించుచు ఒకరివైపు ఒకరు వంగుచున్నారు. నడిమి రూపము మాత్రము కదలక యున్నది. చుట్టునున్న యలజడివలన నడిమి నెమ్మదియు, నడిమి నెమ్మదివలన చుట్టునున్న యలజడియు మనకు తెలియుచున్నవి.

ఛాయాచిత్రములలో 1936 మార్చి నెలయందు డొరొతియా లాంగె అను నామె అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నిపోమో యను చోట తీసిన వలసతల్లి చిత్రము జగత్ప్రసిద్ధము. బఠానీ కోయు కూలీల శిబిరమున నున్న 32 సంవత్సరముల తల్లి యామె. లాంగె పలు చిత్రములు తీసినను, మిక్కిలి దగ్గఱనుండి తీసినదే పేరుగాంచెను. తల్లి ముఖము వెడల్పున నడుమ, ఎత్తున కొంచెము పైగా నున్నది. ఇద్దఱు బిడ్డలు చెఱియొక భుజముపై వాలి ముఖములు ఆవలికి త్రిప్పుకొనిరి. చూపు ప్రక్కలకు పోవుటకు చోటు లేదు. తిరిగి తిరిగి ఆ తల్లి ముఖమునొద్దకే వచ్చును. ఆమెను ఒక ప్రక్కకు జరిపి, రెండవ ప్రక్కన గుడారపు గుడ్డను చూపియున్నచో, మనము ఆ గుడ్డనుగూడ చూచుచుందుము.

ఎట్టివి నడుమ నుండదగినవి

మొదటిది, ఇరువైపుల సమముగా నున్న వస్తువు. 1591లో కట్టిన చార్మినారును వీధి నడిగీతనుండి చూచినచో, నడుమ కమానును ఇరువైపుల మినారులును సరితూగును. కట్టినవారు కోరిన పొందికను మనము ప్రక్కకు జరిపి చెఱుపనేల? తాజమహలు ముందటి నీటి కాలువయు మన చూపును అట్లే నడిగీతవెంట గొనిపోవును. ఆ మందిరములోపల ముంతాజు సమాధి సరిగా నడిగీతమీద నున్నది. 1666లో మరణించిన షాజహాను సమాధిని తరువాత దాని ప్రక్కన చేర్చుటచే అది యొక్కటే నడిగీతకు తొలగి, చూచువారి కంటికి తప్పక తగులును. నడిమి స్థానము బలమెంతయో దీనివలన గ్రహింపవచ్చును.

రెండవది, గీతలు దూరమున ఒకచోట కలియు దృశ్యము: పాఠశాల వసారా, రైలు పట్టాలు, తాటిచెట్ల నడిమి బాట. మూడవది, నడుమనుండి విరియునది: పొద్దుతిరుగుడు పువ్వు, బండి చక్రము, వాకిటి ముగ్గు. నాలుగవది, మనవంక తిన్నగా చూచు మనుష్యుని ముఖము. తనను చూచువానిని మనము సూటిగా చూతుము గదా.

నిలుపు విధము

నడుమ నిలుపుట సులభమని తోచును గాని, అందు చిన్న తప్పు సైతము దాగదు. ప్రక్కకు జరిపిన చిత్రమున అంగుళము భేదమును ఎవరును ఎన్నరు. నడిమి చిత్రమున ఒక స్తంభము అంచును తాకి రెండవది తాకనిచో వెంటనే తెలియును. కావున కెమెరా ఎత్తుటకు ముందు కాళ్లతో పని చేయవలెను. నడిగీతమీద నిలిచి, ఎడమ కుడి అంచులను సరిపోల్చి, అవసరమైన అర అడుగు జరుగవలెను. కెమెరాను వెనుకకు వంచినచో కట్టడపు గోడలు పైన దగ్గఱకు వచ్చినట్లు కనబడును, నిటారుగా పట్టవలెను.

మనుష్యులను తీయునపుడు ఒక భేదమును మఱువరాదు. వెడల్పున నడుమ నుంచుట వేఱు, ఎత్తున నడుమ నుంచుట వేఱు. క్రొత్తవారు ముఖమును రెండు విధముల నడుమ నుంచుటచే, తలపైన సగము చిత్రము ఆకాశమై, క్రింద పాదములు తెగిపోవును. నడుమ నిలుపరాదను మాట పుట్టుటకు ఇట్టి చిత్రములును కొంత కారణమై యుండును. కన్నులు పైనుండి మూడవవంతునకు దగ్గఱగా నున్నచో సామాన్యముగా చక్కగా నుండును. ఇచ్చట పాత సూత్రమే మనకు తోడ్పడుచున్నది. ఫోనును ముఖమునకు మిక్కిలి దగ్గఱ పెట్టినచో ముక్కు పెద్దదిగా కనబడును; ఐదాఱు అడుగులు వెనుకకు నిలిచి తీయవలెను. తలవెనుక స్తంభము గాని కొమ్మ గాని మొలచినట్లుండకుండ చూడవలెను.

అభ్యాసము

విద్యార్థులు ఈ సెలవులలో ఒకే వస్తువును, అనగా ఇంటి తలుపునో, బావి గిలకనో, తాతగారినో, రెండు విధముల చిత్రింపవలెను: ఒకమాఱు నడుమను, ఒకమాఱు మూడవవంతు గీతమీదను. రెంటిని మఱునాడు చూచి, విడిచిన చోటున ఏమున్నదని ప్రశ్నించుకొనవలెను. అచ్చట ఆయన పని చేయు మగ్గమో, ఆయన చూచుచున్న పొలమో యున్నచో ఆ చోటు సార్థకము. ఊరక గోడయే యున్నచో ఆయనను నడుమకు తెచ్చుట మేలు.

తలిదండ్రులకు మా మనవి యొకటి. ఇంట పెద్దవారున్నచో, వారు తిన్నగా చూచుచుండగా, నడుమ నిలిపి, ఒక్క చిత్రమైనను ఈ సెలవులలోనే తీయించి, కాగితముపై అచ్చు వేయించి యుంచుడు. మఱియొకమాఱు తీసెదమని మేమును అనుకొంటిమి.