ఎర్రర్ మెసేజ్ చదవడమే తొలి నైపుణ్యం

లినక్స్ అడ్మిన్, ప్రొడక్షన్ సపోర్ట్, డెవాప్స్ ఉద్యోగాల కోసం అమీర్‌పేటలోనో ఆన్‌లైన్‌లోనో కోర్సు చేసేవాళ్లు కమాండ్లు బాగానే నేర్చుకుంటారు. ఉద్యోగంలో చేరాక మాత్రం పొద్దున్నే ఇన్‌బాక్స్‌లో ఎదురయ్యేది రాత్రి నడిచిన మెయింటెనెన్స్ స్క్రిప్ట్ పంపిన ఎర్రర్ మెయిల్. కమాండ్ మర్చిపోతే మాన్యువల్ చూసుకోవచ్చు. మెసేజ్ అర్థం కాకపోతే ఏ కమాండ్ వాడాలో కూడా తోచదు. అందుకే ఇంటర్వ్యూలో ఒక ఎర్రర్ చూపించి ‘ఇది వస్తే ఏం చేస్తారు?’ అని అడుగుతారు.

ఆ మెయిల్ ఎక్కడిది?

పాత లాగ్ ఫైళ్లను కుదించడం, బ్యాకప్ తీయడం, తాత్కాలిక ఫైళ్లు తొలగించడం లాంటి పనులు సర్వర్లలో వేళకు వాటంతటవే జరుగుతాయి. లినక్స్‌లో వీటిని నడిపేది క్రాన్. ఇప్పుడు సిస్టమ్‌డీ టైమర్లు కూడా ఈ పని చేస్తున్నాయి. డెబియన్, ఉబుంటు సర్వర్లలో క్రాన్ రోజువారీ పనులు మామూలుగా ఉదయం 6:25కి మొదలవుతాయి. స్క్రిప్ట్ ఏదైనా అవుట్‌పుట్ ఇస్తే క్రాన్ దాన్ని మెయిల్ చేస్తుంది, ఏమీ ఇవ్వకపోతే మెయిల్ ఉండదు.

ఒక మెసేజ్‌ను విడదీసి చూద్దాం

‘రన్-పార్ట్స్: /ఈటీసీ/క్రాన్.డైలీ/లాగ్‌రొటేట్ ఎగ్జిటెడ్ విత్ రిటర్న్ కోడ్ 1’. చాలామంది దీన్ని చూసి రన్-పార్ట్స్ చెడిపోయిందనుకుంటారు. అది ఒక డైరెక్టరీలోని స్క్రిప్టులను వరసగా నడిపే ప్రోగ్రామ్ మాత్రమే. ఇక్కడ అది ఫిర్యాదు చేస్తోంది, అంతే. ఆగిపోయింది లాగ్‌రొటేట్. 1 అంటే పని సరిగ్గా పూర్తికాలేదని.

కారణం దీని పై లైన్లో ఉంటుంది. ఉదాహరణకు, పేరెంట్ డైరెక్టరీకి ‘ఇన్‌సెక్యూర్ పర్మిషన్స్’ ఉన్నాయి కాబట్టి ఆ లాగ్‌ను వదిలేస్తున్నానని లాగ్‌రొటేట్ చెబుతుంది. రూట్ కాని గ్రూపు గానీ, ఎవరైనా గానీ రాయగలిగే డైరెక్టరీలో రూట్ అధికారంతో ఫైళ్లు మార్చడం ప్రమాదం. అందుకే అది ఆగింది. అదే మెసేజ్ చివర పరిష్కారం కూడా ఉంటుంది: కాన్ఫిగ్ ఫైల్‌లో ‘ఎస్‌యూ’ డైరెక్టివ్ పెట్టి ఏ యూజర్, ఏ గ్రూపు పేరుతో నడవాలో చెప్పమంటుంది. చివరిదాకా చదవని ఫ్రెషర్ ‘పర్మిషన్’ అనే మాట కనబడగానే 777 ఇచ్చేస్తాడు. ఎర్రర్‌కు మూలమే అతి స్వేచ్ఛ అయితే, దాన్ని ఇంకా పెంచినట్టవుతుంది.

గుర్తుంచుకోవాల్సిన కోడ్లు

• 0: పని సవ్యంగా ముగిసింది.
• 126: ఫైల్ దొరికింది గానీ నడపడానికి వీల్లేదు. ఎగ్జిక్యూట్ పర్మిషన్ చూడండి.
• 127: కమాండ్ దొరకలేదు. చేత్తో నడిపితే పనిచేసే స్క్రిప్ట్ క్రాన్‌లో ఆగిపోవడానికి తరచూ ఇదే కారణం. క్రాన్‌కు ఉండే పాత్ చాలా చిన్నది. కమాండ్‌కు పూర్తి పాత్ రాయండి.
• 137: 128కి 9 కలిపితే వచ్చేది. ప్రాసెస్‌ను 9వ సిగ్నల్‌తో బలవంతంగా ఆపేశారని అర్థం. మెమరీ చాలక కెర్నలే ఆపేసిందేమో లాగ్‌లో చూడండి.

‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని వస్తే డీఎఫ్ -హెచ్‌తో పాటు డీఎఫ్ -ఐ కూడా చూడాలి. డిస్క్‌లో చోటున్నా ఐనోడ్లు అయిపోతే ఇదే ఎర్రర్ వస్తుంది. ఇంటర్వ్యూలో ఈ రెండో మాట చెప్పిన అభ్యర్థి ప్రత్యేకంగా కనిపిస్తాడు.

మెయిల్ అందకపోతే?

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున ప్రధాన డేటాబేస్ డేటాను తొలగించారు. క్రాన్ జాబ్ తీయాల్సిన బ్యాకప్ కోసం చూస్తే అది లేదు. 9.6 వెర్షన్ డేటాబేస్‌కు 9.2 వెర్షన్ టూల్‌తో బ్యాకప్ తీయబోయి ఆ జాబ్ విఫలమవుతూ వస్తోంది. క్రాన్ మెయిళ్లు పంపుతూనే ఉంది. మెయిల్ పంపింది అసలువారేనా అని సరిచూసే డీమార్క్ నియమాలకు సరిపోక అవి తిరస్కరణకు గురయ్యాయి, ఎవరికీ అందలేదు. చివరికి సుమారు ఆరు గంటల ముందు వేరుగా తీసిన మరో కాపీతో సర్వీసును నిలబెట్టారు. ఈ మధ్యలో చేరిన డేటాబేస్ సమాచారం పోయింది. ఈ వివరాలన్నీ ఆ సంస్థే బయటపెట్టింది. మెయిల్ రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. మెయిళ్లతో విసిగి అవుట్‌పుట్ మొత్తాన్ని /డెవ్/నల్‌కు మళ్లించడం కూడా అలాంటి ప్రమాదాన్నే తెచ్చిపెడుతుంది.

ఎలా సాధన చేయాలి?

ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకోండి. క్రాన్ జాబ్ రాసి, కావాలనే చెడగొట్టండి. పర్మిషన్ తీసేయండి, కమాండ్ పేరు తప్పు రాయండి, డిస్క్ నింపండి. ప్రతిసారీ వచ్చిన మెసేజ్, కారణం, పరిష్కారం నోట్‌బుక్‌లో రాసుకోండి. ఈ సాధన లినక్స్ సర్టిఫికెట్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకూ పనికొస్తుంది, అందులో పనులు స్వయంగా చేసి చూపాలి. క్రాన్‌తో పనులు షెడ్యూల్ చేయడం, లాగ్‌లు చదివి అర్థం చేసుకోవడం దాని సిలబస్‌లోనే ఉన్నాయి.

ఇంటర్వ్యూలో జవాబుకు ఒక వరస పాటించండి. ఏ ప్రోగ్రామ్ ఫిర్యాదు చేసింది, ఏ స్క్రిప్ట్ ఆగింది, ఏ కారణం చెప్పింది, అది నిజమో కాదో ఎలా సరిచూస్తారు, ఆ తర్వాతే ఏం మారుస్తారు. సర్టిఫికెట్ మిమ్మల్ని ఇంటర్వ్యూ గదిదాకా తీసుకెళ్తుంది. ఉద్యోగం ఇప్పించేది ఈ ఆలోచనా క్రమమే. ఈరోజే ఒక ఎర్రర్‌ను మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా చదవడం మొదలుపెట్టండి.