కాలువ గట్టుకు బుంగ పడితే?

మీ ఊరి పక్కగా కాలువ పోతూ ఉంటే, నీళ్లు వదిలిన రోజుల్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకొని గట్టు వెలుపలి వైపు దిగి చూడండి. గట్టు అడుగున నేల చెమ్మగా ఉంటుంది. అక్కడక్కడ సన్నని ఊట కూడా కనిపించవచ్చు. ఆ ఊట నీటిని ఒక గాజు గ్లాసులో పట్టండి. తేటగా ఉందా, మట్టి కలిసి ఉందా? తేటగా ఉంటే కాలువ నీరు కొంత వృథా అవుతున్నదని అర్థం. మట్టి కలిసి వస్తున్నదంటే గట్టే కొంచెం కొంచెంగా బయటికి వస్తున్నదన్నమాట! అప్పుడు వెంటనే కాలువ లస్కరుకు చెప్పాలి.

ఇది ఎంత దూరం పోగలదో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఫెర్న్‌లీ అనే పట్టణం చూసింది. ఆ పట్టణం గుండా ట్రకీ కాలువ పోతుంది. పొడవు సుమారు 50 కిలోమీటర్లు. 1900 తరువాత తొలి సంవత్సరాల్లో పొలాల కోసం తవ్విన మట్టి కాలువ అది. తవ్విననాడు చుట్టూ ఎడారి. వందేళ్లు గడిచేసరికి గట్టు కిందనే ఇళ్లు వెలిశాయి. 2008 జనవరి 5 తెల్లవారుజామున, వానలకు కాలువలో నీరు పెరిగిన వేళ, గట్టుకు గండి పడింది. సుమారు 590 ఇళ్లలోకి నీరు చేరింది. గట్టులో బొరియలు తవ్విన ఎలుక జాతి జంతువులే ఇందుకు మూలమని విచారణలో తేలింది.

ఎలుకలు ఇంత పని చేస్తాయా? లెక్క వేసి చూద్దాం. ఇసుక గుండా నీరు ఎలా పారుతుందో ప్రయోగాలు చేసి, 1856లో ఒక సూత్రం ప్రకటించిన ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ. నీటిమట్టాల తేడా ఎక్కువయ్యేకొద్దీ ఊట వేగం పెరుగుతుంది. మట్టిలో నీరు నడవవలసిన దారి పొడవయ్యేకొద్దీ తగ్గుతుంది. కాలువ నీరు వెలుపలి నేల కంటే 2 మీటర్లు ఎత్తున ఉన్నదనుకోండి. గట్టులో దారి 10 మీటర్లు. 2ను 10తో భాగిస్తే 0.2. ఇప్పుడు ఒక పందికొక్కు 7 మీటర్ల కలుగు తవ్వింది. మిగిలిన మట్టి 3 మీటర్లే. 2ను 3తో భాగిస్తే సుమారు 0.67. అంటే ఊట వేగం మూడు రెట్లు దాటింది! ఆ వేగానికి వెలుపలి అంచున మట్టి రేణువులు కదులుతాయి. అవి పోయిన చోట గుంట పడుతుంది. దారి ఇంకా పొట్టిదవుతుంది. వేగం ఇంకా పెరుగుతుంది. గుంట వెనక్కి, కాలువ వైపుకు, తొలుచుకుంటూ పోతుంది. దీన్నే మనవాళ్లు బుంగ పడటం అంటారు. బుంగ రెండు వైపులా కలిసిందంటే గండి పడటానికి ఎంతోసేపు పట్టదు.

మరి మందు? కాలువ లోపలి వైపు నీరు చొరని తొడుగు వేయడం. దీన్నే లైనింగ్ అంటారు. ఫెర్న్‌లీ దగ్గర సుమారు 5.6 కిలోమీటర్ల మేర ఈ పని చేసి 2023లో ముగించారు. కింద పలుచని ప్లాస్టిక్ పొర, దాని మీద కాంక్రీటు. రెండూ ఎందుకు? కాంక్రీటు ఎండకు, చలికి బీటలు వారుతుంది. ఆ బీటల్లో దిగిన నీటిని ప్లాస్టిక్ ఆపుతుంది. ప్లాస్టిక్ ఒక్కటే ఉంటే పశువుల గిట్టలకు చిరుగుతుంది, ఎండకు పెళుసవుతుంది. దాన్ని కాంక్రీటు కాపాడుతుంది. పైగా నున్నని కాంక్రీటు మీద ఘర్షణ తక్కువ కాబట్టి అదే వాలులో నీరు మరింత వడిగా పోతుంది.

లైనింగుకూ ఒక శత్రువు ఉంది, అదీ నీరే! కాలువను ఒక్కసారిగా ఖాళీ చేస్తే వెనుక మట్టిలో నిలిచిన నీరు కాంక్రీటు పలకలను లోపలికి నెడుతుంది. నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరే ఎదురు ఒత్తిడి ఇచ్చేది. ఇప్పుడు అది లేదు. అందుకే కాలువను మెల్లమెల్లగా దించుతారు, వెనుక నీరు బయటపడే మార్గాలూ పెడతారు.

ఇక ఫెర్న్‌లీ కథలో ఒక విచిత్రం మిగిలింది. గండి వల్ల మునిగిన ఆ పట్టణమే లైనింగును ఆపమని కోర్టుకెక్కింది! కారణం ఊహించారా? వందేళ్లుగా కాలువ నుంచి ఇంకిన నీటితోనే అక్కడి భూగర్భ జలం నిండుతూ వచ్చింది. పట్టణం బోర్లు ఆ నీటినే తోడుతున్నాయి. మన వైపు కూడా కాలువ పారినన్నాళ్లు పక్క బావుల్లో నీరు పైకి రావడం మీరు చూసే ఉంటారు. వృథా అని మనం అనుకున్న ఊట ఇంకొకరి తాగునీరు. కోర్టులో పట్టణం నెగ్గలేదు, లైనింగ్ పడింది.