సముద్రం నడుమ ఉగాది



మన చెరువు నడుమ తిప్ప ఉంది కదా. ఎండాకాలంలో దాని మీదికి గొర్రెలు పోతాయి. చెరువు నిండిందంటే తిప్ప చుట్టూ నీళ్ళే. అట్లా చుట్టూ నీళ్ళుండి నడుమ నేల ఉంటే దాన్ని దీవి అంటారు. పుస్తకాల్లో ద్వీపం అని రాస్తారు.

ఈ పాఠం ఒక దీవి గురించి. దాని పేరు మారిషస్. మన దేశం నుంచి దక్షిణంగా, పడమరగా సముద్రం మీద 4,000 కిలోమీటర్లకు పైగా పోతే వస్తుంది. అది వేరే దేశం. అయినా అక్కడ ఉగాదికి సర్కారు సెలవు ఇస్తారు. బడులు, ఆఫీసులు మూసేస్తారు. మన ఉగాది అంత దూరం ఎట్లా పోయింది? చెప్తాను. ముందు ఆ నేల ఎట్లా ఉంటుందో చూద్దాం.

దీవి చిన్నదే. మన పాత చిత్తూరు జిల్లాలో ఎనిమిదో వంతు ఉంటుంది. జనం 12 లక్షలకు పైన. ఈ మాట రాత్రి బడిలో చెప్పినప్పుడు ఒక అక్క అడిగింది. "చుట్టూ ఉప్పునీళ్ళే అంటివే, తాగేదానికి నీళ్ళు ఎట్ల టీచరమ్మా?" మదనపల్లె పక్క మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టినవాళ్ళం మనం.

దీవి నడుమ ఎత్తు నేల ఉంది. కొండలు ఉన్నాయి. సముద్రం మీది మేఘాలు ఆ ఎత్తుకు తగిలి వాన పడుతుంది. ఆ వాన వాగులై పారుతుంది. దాన్ని పెద్ద చెరువుల్లో నిలబెట్టి ఊళ్ళకు ఇస్తారు. కింద ఎండగా ఉన్నప్పుడు హార్సిలీ కొండ మీద చల్లగా ఉండి మబ్బు కమ్ముకోవడం మీరు చూసే ఉంటారు. అదే లెక్క.

ఆ దీవి సముద్రంలో అగ్నికొండ పేలి పుట్టింది. కరిగిన రాయి పైకి పొంగి, గట్టిపడి నేల అయింది. చమారెల్ అనే చోట ఆ పాత రాయి చివికి మట్టి అయింది. ఆ మట్టి ఏడు రంగుల్లో కనిపిస్తుంది. ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు, ఇట్లా అలలు అలలుగా ఉంటుంది. మన చేల మట్టి ఎందుకు ఎర్రగా ఉంటుంది? అందులో ఇనుము ఉంది కాబట్టి. ఇనుముకు తుప్పు పడితే వచ్చే రంగే అది. చమారెల్ మట్టిలో కూడా ఇనుము, అల్యూమినియం కలిసి ఉన్నాయి. అవి ఎక్కువ తక్కువలయ్యే కొద్దీ రంగు మారింది. ఆ మట్టిలో మొక్క మొలవదు. చూసేదానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. తొక్కి పాడు చేయకుండా చుట్టూ కంచె వేసినారు.

ఆ దీవిలో ఒకప్పుడు డోడో అని ఒక పక్షి ఉండేది. కోడి కంటే చాలా పెద్దది. ఎగరలేదు. దాన్ని తినే మృగం అక్కడ లేదు కాబట్టి దానికి భయం తెలియదు. 1598లో డచ్చివాళ్ళు ఓడల్లో వచ్చినారు. వాళ్ళు వేటాడినారు. వాళ్ళ వెంట వచ్చిన పందులు, ఎలుకలు, కోతులు నేల మీద పెట్టిన గుడ్లను తినేసినాయి. నూరేళ్ళు తిరిగేసరికి డోడో ఒక్కటి కూడా మిగల్లేదు. ఇప్పుడు బొమ్మల్లో చూడాల్సిందే.

దీవి చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. పగడం మనకు తెలుసు, తాళిలో వేసుకునే ఎర్ర పూస. సముద్రంలో చిన్న చిన్న జీవులు కట్టుకునే గూడే పగడం. అందులో చాలా రకాలు ఉన్నాయి. ఆ గూళ్ళు వేల ఏండ్లు పేరుకొని గోడ మాదిరిగా దీవిని చుట్టుకున్నాయి. పెద్ద అల వచ్చి ఆ గోడకు తగిలి విరిగిపోతుంది. గోడకు ఇవతల నీళ్ళు చెరువు మాదిరి నిమ్మళంగా ఉంటాయి. చేపపిల్లలు అక్కడ పెరుగుతాయి.

2020 జూలైలో వకాషియో అనే పెద్ద ఓడ ఆ దిబ్బకు గుద్దుకుంది. ఆగస్టులో ఓడ పగిలి సుమారు 1,000 టన్నుల నూనె సముద్రంలో కలిసింది. వంటనూనె కాదు, ఓడను నడిపే నల్ల నూనె. చేపలు పట్టి బతికే వాళ్ళకు గుండె జారిపోయింది. జనం సర్కారు కోసం కాచుకొని కూర్చోలేదు. ఎండిన చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కుక్కి పొడుగు దిండ్లు కుట్టినారు. వాటిని నీళ్ళ మీద అడ్డం వేసినారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు తల వెంట్రుకలు కత్తిరించి ఇచ్చినారు. వెంట్రుక నూనెను పట్టుకుంటుంది. తలకు నూనె పెట్టుకునే మనకు ఒకరు చెప్పాలా! తిరుమల కొండ మీద తలనీలాలు ఇచ్చే మన జిల్లా వాళ్ళకు ఆ కథ వింటే ఒళ్ళు పులకరించింది. బడిలో ఆ రోజు దీని గురించే గంటసేపు మాట్లాడుకున్నాం. పాఠం ముందుకు సాగలేదు.

ఇప్పుడు మనుషుల కథ.

ఆ దీవికి మొదటి నుంచీ ఉన్న జనం అంటూ ఎవరూ లేరు. డచ్చివాళ్ళు వచ్చి పోయినారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు, 1810లో ఇంగ్లీషువాళ్ళు వచ్చినారు. వాళ్ళకు చెరకు తోటలు కావాలి. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి మనుషులను కొని తెచ్చి బానిసలుగా పని చేయించినారు. 1835లో అక్కడ బానిసతనం రద్దయింది. తోటల్లో పనికి మనుషులు లేరు. అప్పుడు మన దేశం వైపు చూసినారు.

1834 నుంచి సుమారు 90 ఏండ్లలో నాలుగున్నర లక్షల మంది మన దేశం నుంచి ఓడ ఎక్కినారు. బీహారు వాళ్ళు ఎక్కువ. తమిళులు, తెలుగువాళ్ళు, మరాఠీలు కూడా పోయినారు. తెలుగువాళ్ళు మద్రాసు నుంచి, కాకినాడ దగ్గరి కోరంగి నుంచి, విశాఖపట్నం వైపు రేవుల నుంచి పోయినారు. అందుకే వాళ్ళకు అక్కడ కోరంగివాళ్ళు అని పేరు వచ్చింది. ఓడలో నెలకు పైనే ప్రయాణం. దోవలో చచ్చిపోయిన వాళ్ళను సముద్రంలోనే వదిలేసినారు.

ఎందుకు పోయినారు? కరువు. అప్పు. పోయిన చోట రాయి ఎత్తితే కింద బంగారం ఉంటుందని మేస్త్రీలు ఆశ పెట్టినారని అక్కడి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాళ్ళు మాత్రం నిజమే. చెరకు వేసే ముందు చేలల్లో నల్ల రాళ్ళు చేతులతో ఏరి కుప్పలు పోసినారు. ఆ రాళ్ళ కుప్పలు చెరకు తోటల నడుమ ఇప్పటికీ ఉన్నాయి.

పోయే ముందు ఒక కాగితం మీద ఒప్పుకోవాలి. 5 ఏండ్లు పని చేస్తామని ఆ కాగితం. ఇంగ్లీషులో అగ్రిమెంటు. జనం నోట్లో అది గిర్మిట్ అయింది. చదువు రాని వాళ్ళే ఎక్కువ కాబట్టి ఒక గుర్తు పెట్టి ఒప్పుకున్నారు. మొదట్లో మగమనిషికి నెలకు 5 రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు ఇచ్చేవాళ్ళు. ఒక దినం పనికి పోకపోతే రెండు దినాల కూలి కోసేవాళ్ళు. జ్వరం వచ్చినా అంతే. ఈ కోత ఒకటి ఉంటుందని వేలు పెట్టినవాళ్ళలో ఎందరికి తెలుసు?

ఇది రెండు వందల ఏండ్ల నాటి మాట అనుకోకండి. మా వీధి పిన్నమ్మ ఒకామె ఇంటి పనికి కువైట్ పోయింది. కాగితం అరబ్బీలో ఉంది. ఏజెంటు చూపించిన చోట వేలు వేసింది. చెప్పింది ఒక ఇంటి పని, చేయించింది మూడు ఇళ్ళ పని. రెండేండ్లు ఓర్చుకొని వచ్చేసింది. ఇప్పుడు మన బడిలోనే ముందు వరసలో కూర్చుంటుంది.

మారిషస్ రేవులో దిగినవాళ్ళు రాతిమెట్లు ఎక్కి పైకి రావాలి. అక్కడ పేర్లు రాసుకొని, ఒక్కొక్కరికి ఒక నెంబరు ఇచ్చేవాళ్ళు. ఆ చోటు పేరు ఆప్రవాసి ఘాట్. 2006లో ప్రపంచం అంతా కాపాడుకోవాల్సిన చోట్ల పట్టీలో దాన్ని చేర్చినారు. ఆ రిజిస్టర్లు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీద మచ్చ కూడా రాసి ఉంటుంది. గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాసినాడు. తన పేరు తప్పుగా రాసినాడని చెప్పేదానికి ఎదుటి మనిషికి చదవడం రాదు. ఆ తప్పు పేరే పిల్లలకు ఇంటిపేరైంది.

ఒప్పందం తీరినాక కొందరు తిరిగి వచ్చినారు. చాలామంది అక్కడే నిలిచిపోయినారు. మూటలో ఏమీ తీసుకొని పోకపోయినా పండుగలు తీసుకొని పోయినారు.

తెలుగువాళ్ళ పండుగల్లో రామభజన పెద్దది. నడుమ దీపపు సెమ్మె పెడతారు. చుట్టూ తిరుగుతూ పాడతారు, అడుగు వేస్తారు. పొద్దుగూకినాక మొదలుపెడితే తెల్లవారిందాకా నడుస్తుంది. మన పల్లెల్లో చెక్కభజన తెలిసినవాళ్ళకు అది కొత్త కాదు. సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు. అమ్మోరి పండుగ చేస్తారు. కుప్పం, పుంగనూరు గంగమ్మ జాతరలు చూసిన మనకు అమ్మోరు అంటే వేరే చెప్పాలా?

ఒక తమాషా చెప్తాను. అక్కడ కాలాలు మనకు తలకిందులు. మనకు చలి ఉన్నప్పుడు వాళ్ళకు ఎండ. సంక్రాంతి మండే ఎండలో వస్తుంది, ఒక్కోసారి తుఫానులో వస్తుంది. మామిడికాయలు మనకు వేసవిలో అయితే వాళ్ళకు డిసెంబరు, జనవరి నెలల్లో. మనకు చెట్లు చిగురు వేసేటప్పుడు ఉగాది. వాళ్ళకు ఎండలు తగ్గేటప్పుడు ఉగాది. అయినా పంచాంగం వదలలేదు, పచ్చడి వదలలేదు.

శివరాత్రికి దీవి అంతా కదులుతుంది. కొండల నడుమ, పాత అగ్నికొండ నోట్లో ఒక చెరువు ఉంది. దాని పేరు గంగా తలావ్. 1972లో మన గంగ నీళ్ళు తెచ్చి అందులో కలిపినారు. తెల్లబట్టలు కట్టుకొని, పూలతో అలంకరించిన కావడి మోసుకొని, జనం దినాల తరబడి నడిచి పోతారు. దోవలో ఉండేవాళ్ళు వాళ్ళకు నీళ్ళు, పండ్లు, అన్నం ఇస్తారు.

బానిసలుగా వచ్చినవాళ్ళ బిడ్డలకు సేగా అనే ఆటపాట ఉంది. దానికి వాయించేది మేకతోలు బిగించిన పెద్ద పలక. వాయించే ముందు మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు. అచ్చం మన పలక మాదిరే! ఎవరు ఎవరికి నేర్పినారు? ఎవరూ నేర్పలేదు. తోలు గుణం ఎక్కడైనా ఒకటే.

అందరూ కలిసి మాట్లాడుకునేది క్రియోల్ అనే భాష. ఫ్రెంచి మాటల నుంచి పుట్టింది. కానీ వంటింట్లోకి పోతే మన మాటలు వినిపిస్తాయి. కొత్తిమీరను కోతోమిలి అంటారు. కరివేపాకు కారీపులే. మునగాకు బ్రెద్ మురుమ్. కుప్పం వైపు అక్కలకు ఇవి వెంటనే అర్థమైనాయి, తమిళం కలిసింది కదా. పెండ్లిలో అరిటాకు వేసి ఏడు కూరలు వడ్డిస్తారు. మగవాళ్ళు తోటలో దొరల మాట మాట్లాడి వచ్చినా, పొయ్యి దగ్గర ఆడవాళ్ళ మాట నిలిచింది అని నేను అనుకుంటాను.

అయితే తెలుగు మొత్తం నిలవలేదు. నాలుగైదు తరాలు గడిచేసరికి చాలా ఇళ్ళలో క్రియోలే మాట్లాడినారు. భజనలో పాట తెలుగులో ఉంటుంది, దాని అర్థం ముసలివాళ్ళకే తెలుసు. అప్పుడు తెలుగు సంఘాలు పెట్టుకున్నారు. పగలంతా పని చేసి, రాత్రి పూట కూర్చొని అ ఆలు దిద్దినారు. తర్వాత సర్కారు బడుల్లో కూడా తెలుగు చెప్పడం వచ్చింది. దీవిలో తెలుగువాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురే. అయినా 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగినాయి. నాలుగవది 2012లో మన తిరుపతిలో జరిగింది.

ఇప్పుడు కూడా అక్కడి నుంచి కొందరు ముత్తాత ఊరు వెతుక్కుంటూ వస్తారు. చేతిలో రిజిస్టరు నకలు ఉంటుంది. అందులో ఊరి పేరు ఇంగ్లీషులో వంకరటింకరగా ఉంటుంది. ముత్తవ్వ ఊరు అయితే ఒక్కోసారి అసలు దొరకదు.

నోటు పుస్తకాలు తీయండి. ముందు ఈ మాటలు చూసి రాయండి: దీవి, పగడం, రేవు, ఒప్పందం, పంచాంగం. తర్వాత మీ పేరు, మీ అమ్మ పేరు, అమ్మ పుట్టిన ఊరు, ఆ ఊరి మండలం రాయండి. దాని కింద అమ్మమ్మ పేరు, అమ్మమ్మ పుట్టిన ఊరు రాయండి. తెలియనివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రేపు రాసుకొని రండి.