వాక్యాన్ని మాటలుగా విడగొట్టడం – ఎనిమిదో తరగతి కంప్యూటర్ ల్యాబ్ నుంచి



ఈ నెల మీ పిల్లలు పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నారు. విండోలోని టెక్స్ట్ బాక్స్‌లో వాక్యం టైపు చేసి బటన్ నొక్కితే, అందులోని మాటలు విడివిడిగా కనిపించాలి.

ఈ పని చేసేది స్ప్లిట్. దాని బ్రాకెట్లలో స్పేస్ ఇస్తే, మనం పొరపాటున స్పేస్‌బార్ రెండుసార్లు నొక్కినప్పుడు ఒక ఉత్త 'మాట' కూడా లెక్కలో చేరిపోతుంది. బ్రాకెట్లు ఖాళీగా వదిలేస్తే ఆ చిక్కు ఉండదు.

అసలు ఇబ్బంది తెలుగుతో వస్తుంది. చుక్కలు, కామాలు పోవాలని చాలామంది రీజెక్స్‌లో 'బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్' వాడతారు. ఇంగ్లీషుకు చక్కగా పనిచేస్తుంది. 'తెలుగు' అని ఇచ్చామా, త, ల, గ అని మూడు ముక్కలు చేసి పెడుతుంది! పైథాన్ రీజెక్స్ దృష్టిలో గుణింతపు గుర్తులు అక్షరాలు కావు. అవి వచ్చిన ప్రతిచోటా మాట తెగుతుంది. అందుకే మా పిల్లలతో ముందు స్ప్లిట్ చేయించి, తర్వాత ఒక్కో మాట చివర ఉన్న చుక్కను, కామాను స్ట్రిప్‌తో తీయిస్తున్నాం.

ఇంట్లో ఆ బాక్స్‌లో మీ పేరు, ఊరి పేరు తెలుగులో టైపు చేసి చూడండి. ముక్కలైతే మీరు సరిచేయకండి, ఏ గుర్తు దగ్గర తెగిందో పిల్లలనే వెతకనివ్వండి.