వెచ్చని ఆసనము: వేడికి హద్దు ఎట్లు ఏర్పడును?

గత సెలవులకు ముందు మా పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు కెనడా దేశమునుండి వచ్చి, పదవ తరగతి పిల్లలతో కొంతసేపు ముచ్చటించెను. ఆ దేశమున శీతకాలమునందు ఉష్ణోగ్రత సున్నకు దిగువ ఇరువది డిగ్రీలవరకు పడిపోవుటయు, రాత్రియంతయు ఆరుబయట నిలిచిన కారులోని ఆసనము మంచుగడ్డవలె ఉండుటయు, మీట నొక్కిన కొద్ది నిమిషములకే అది వెచ్చబడుటయు వర్ణించి చెప్పెను. అప్పుడు వెనుక బెంచీలోని బాలిక యొకతె లేచి, “మాష్టారూ, ఇస్త్రీ పెట్టెవలె అదియు వేడెక్కుచునే పోయి, కూర్చున్నవారిని కాల్చదా?” అని అడిగెను.

తరగతి నవ్వినది. మేము నవ్వలేదు. పాఠమంతయు ఆ ప్రశ్నలోనే ఉన్నది. వేడి పుట్టించుట సులభము. పుట్టిన వేడిని తగినచోట నిలుపుటయే కష్టము. ఆనాడు గంట మ్రోగుటచే ముగింపలేకపోయిన సమాధానమును ఇచ్చట పూర్తిగా వ్రాయుచున్నాము.

పుట్టు పూర్వము

ఈ ఆసనము నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థకు చెందిన రాబర్టు బలార్డు దీనికై 1951లో పేటెంటు కోరగా, 1955లో లభించెను. 1966వ సంవత్సరపు కాడిలాక్ కారులలో, అదనపు సొమ్ము చెల్లించినవారికి ఇట్టి ఆసనమును అమర్చి యిచ్చిరి. చలిదేశమగు స్వీడనులో సాబ్ సంస్థ 1971లో దీనిని ప్రవేశపెట్టెను. ఆనాడు విలాసవస్తువైన ఈ ఆసనము నేడు విద్యుత్తుతో నడచు కారులలో పొదుపునకు సాధనమైనది. కారులోని గాలినంతయు వేడిచేయుటకు కొన్ని వేల వాట్లు కావలసియుండగా, కూర్చున్నవాని వీపునకు నేరుగా వెచ్చదనము నిచ్చుటకు నూరు వాట్లలోపు చాలును.

వేడి ఎట్లు పుట్టును?

ఆసనపు పైతొడుగునకు అడుగున, మెత్తకు పైన, సన్నని లోహపు తీగనుగాని కార్బను నారతో చేసిన పట్టీనిగాని వంకరలు వంకరలుగా పరచెదరు. అందులో విద్యుత్తు ప్రవహించినపుడు, తీగ యొక్క నిరోధమువలన వేడి పుట్టును. ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగునని జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించెను. ఇదియే మీరు చదివిన జౌల్ నియమము.

ఉదాహరణకు కారు బ్యాటరీ 12 వోల్టులు. క్రింది మెత్తలోని తీగ 3 ఓములు, వీపు మెత్తలోని తీగ 3 ఓములు అనుకొందము. రెండింటిని శ్రేణిలో కలిపినచో మొత్తము 6 ఓములు. ప్రవాహము 2 ఆంపియరులు. పుట్టు సామర్థ్యము 24 వాట్లు. వానినే సమాంతరముగా కలిపినచో మొత్తము ఒకటిన్నర ఓము. ప్రవాహము 8 ఆంపియరులు. సామర్థ్యము 96 వాట్లు. తీగలు అవే, బ్యాటరీ అదే. కలిపిన తీరు మారినంతనే వేడి నాలుగు రెట్లయినది. “తక్కువ”, “ఎక్కువ” అని రెండు స్థానములున్న మీటలు కొన్ని ఈ విధముగానే పనిచేయును.

మీట యొక్కటే చాలదా?

చాలదు. ఏ వస్తువైనను తనలో పుట్టు వేడియు, తననుండి వెలుపలికి పోవు వేడియు సమానమగువరకు వేడెక్కుచునే యుండును. ఖాళీ ఆసనమునుండి వేడి గాలిలోనికి తేలికగా పోవును. దానిపై మందపు కోటు తొడిగిన మనిషి కూర్చున్నపుడుగాని, కంబళి మడతపెట్టి ఉంచినపుడుగాని ఆ దారి మూసికొనిపోవును. 24 వాట్లే యైనను ఒకచోట గోరువెచ్చగను, వేరొకచోట కాలునంతగను ఉండవచ్చును. కావున ఎంత వేడి పంపుచున్నామని తెలిసిన చాలదు. పంపిన వేడి ఏమి చేసినదో తెలియవలెను.

ఈ విద్య మన వంటయింటిలో ఎప్పటినుండియో ఉన్నది. కట్టెల పొయ్యిమీద అన్నము వండు తల్లి, ఎసరు పొంగువేళకు కట్టెను వెనుకకు లాగును. ఉడుకు తగ్గినచో మరల లోనికి త్రోయును. ఆమె కన్ను కుండమీదను, చేయి కట్టెమీదను ఉండును. కన్ను చూచినదానిని బట్టి చేయి కదలుటయే నియంత్రణము. ఆసనములో కన్ను ఏది? చేయి ఏది? దీనికి మూడు విధములైన సమాధానములు కలవు.

మొదటిది: ద్విలోహపు పట్టీ

ఇత్తడి రేకును ఉక్కు రేకును వీపునకు వీపు అతికించినచో ద్విలోహపు పట్టీ యగును. నూరు డిగ్రీల వేడికి ఒక మీటరు ఇత్తడి సుమారు 1.9 మిల్లీమీటరులు సాగగా, ఉక్కు 1.2 మిల్లీమీటరులే సాగును. అతికియున్నవి గనుక ఒకటి ముందుకు పోజాలదు. ఇత్తడి వెలుపలి వంకయందుండునట్లు పట్టీ వంగును. ఆంగ్ల గడియారముల నిర్మాత జాన్ హారిసన్ పదునెనిమిదవ శతాబ్దమున దీనిని గడియారములలో వాడెను. వేడిని ఒక హద్దున నిలుపు సాధనమునకు “థర్మోస్టాట్” అను పేరు 1830లో ఆండ్రూ యూర్ పెట్టెను.

ఆసనపు తీగకు ప్రవాహము ఈ పట్టీగుండా పోవునట్లు అమర్చెదరు. ఆసనము హద్దు దాటి వేడెక్కగనే పట్టీ వంగి, కొనలు విడిపోయి, ప్రవాహము తెగును. చల్లారగనే మరల కలియును. ఇస్త్రీ పెట్టెలో “టక్కు”మని వినవచ్చు శబ్దము ఇదియే. ఇచ్చట కన్నును చేయియు ఒక్క రేకే.

తెగు ఉష్ణోగ్రతయు, కలియు ఉష్ణోగ్రతయు ఒకటియే యైనచో పట్టీ క్షణమున కొకసారి కొట్టుకొనుచు, నిప్పురవ్వలు రాల్చి త్వరలో పాడగును. అందుచే 40 డిగ్రీలకు తెగినది 35 డిగ్రీలకు గాని కలియకుండునట్లు రెంటిమధ్య ఎడము ఉంచెదరు. ఆ ఎడముచేతనే ఆసనము కొంతసేపు వేడిగను, కొంతసేపు చల్లగను తోచును.

రెండవది: థర్మిస్టరు

లోహపు తీగ వేడెక్కినపుడు నిరోధము పెరుగును. కొన్ని పదార్థములలో అది తగ్గును. సిల్వరు సల్ఫైడునందు ఈ గుణమును ఫారడే 1833లో కనుగొనెను. నేడు మాంగనీసు, నికెలు మొదలగు లోహముల ఆక్సైడులతో చేసిన ఆవగింజవంటి చిన్న పూసను తీగల నడుమ ఉంచెదరు, ఇదియే థర్మిస్టరు. 25 డిగ్రీలవద్ద 10,000 ఓములున్న పూస 50 డిగ్రీలవద్ద సుమారు 4,000 ఓములకు దిగును. దానిని మారని 10,000 ఓముల నిరోధముతో శ్రేణిలో కలిపి 5 వోల్టుల నిచ్చినచో, పూస రెండు కొనలమధ్య మొదట 2.5 వోల్టులును, తరువాత సుమారు 1.4 వోల్టులును ఉండును. ఎలక్ట్రానిక్ నియంత్రకము ఈ వోల్టేజిని చదివి ఉష్ణోగ్రతను గ్రహించును. పూస కన్ను, నియంత్రకము చేయి.

ఈ చేయి మిక్కిలి నేర్పరి. మొదట పూర్తి ప్రవాహము నిచ్చి ఆసనమును త్వరగా వెచ్చజేయును. హద్దు సమీపించుకొలది, ప్రవాహమును శీఘ్రముగా కలుపుచు తెంపుచు, పది భాగముల కాలములో మూడు భాగములు మాత్రమే కలిపియుంచును. అప్పుడు సగటున పదింట మూడు వంతుల వేడియే పుట్టును. కూర్చున్నవానికి ఎగుడుదిగుడులు తెలియవు.

మూడవది: తనను తానే అదుపుచేసికొను పదార్థము

బేరియము టైటనేటుతో చేసిన కొన్ని పింగాణి పదార్థములకును, కార్బను కలిపిన కొన్ని ప్లాస్టిక్కు పదార్థములకును, ఒక ఉష్ణోగ్రత దాటగనే నిరోధము మిక్కిలిగా పెరుగును. వోల్టేజి మారనపుడు నిరోధము పెరిగినకొలది సామర్థ్యము తగ్గును. ఆసనములందు వాడునది ప్లాస్టిక్కు జాతిది. అచ్చట ఏ భాగము అధికముగా వేడెక్కునో, ఆ భాగమే తన వేడిని తగ్గించుకొనును. వేరుగా కన్ను అక్కరలేదు.

కన్ను మూసికొనిపోయినచో?

ఇచ్చట బాలిక ప్రశ్న మరల వచ్చును. థర్మిస్టరు తానున్న చోటి వేడిని మాత్రమే ఎరుగును. మోకాలు మోపి ఎక్కుటచే వేరొకచోట తీగ నలిగి, అచ్చట మాత్రము వేడి కూడినచో, పూసకు తెలియదు. పూసకు పోవు తీగయే తెగినచో నిరోధము అనంతమగును. నియంత్రకము దానిని గొప్ప చలి యని భ్రమించి, వేడిని పంపుచునే యుండవలసివచ్చును. అందుచే మంచి నియంత్రకము, నమ్మరాని సంఖ్య కనబడగనే దానిని దోషముగా ఎంచి ప్రవాహము నాపును. తెలియనపుడు ఆపుట యనునది యంత్రమునకు నేర్పవలసిన మొదటి నీతి.

యంత్రము తప్పినను మన చర్మము మేల్కొనియుండును గదా యని మీరనవచ్చును. ఆరోగ్యవంతుని చర్మము సుమారు 43 డిగ్రీలు మొదలుకొని బాధను తెలుపును. కాని అందరి చర్మమును తెలుపదు. మా పెదతండ్రిగారు మధుమేహముచేత పాదములయందు స్పర్శ కోల్పోయిరి. ఒక శీతకాలపు రాత్రి వేడినీళ్ల సంచిని అరికాళ్లకింద పెట్టుకొని నిద్రించిరి. తెల్లవారునప్పటికి బొబ్బలు లేచియుండెను. “ఒక్కమారైనను చురుక్కుమనలేదురా” అని వారు ఆశ్చర్యపడుట మాకు నేటికిని జ్ఞాపకమున్నది. ఆ పుండ్లు మానుటకు నాలుగు నెలలు పట్టెను.

మంటకు మరిగించు వేడి అక్కరలేదు, కాలము చాలును. మోరిట్జు, హెన్రిక్సు అను ఇరువురు అమెరికను వైద్యశాస్త్రజ్ఞులు 1947లో ప్రకటించిన పరిశోధనల ప్రకారము, 44 డిగ్రీల వేడి సుమారు ఆరు గంటలు తగిలినచో చర్మము కాలును. 60 డిగ్రీలైనచో కొద్ది సెకండ్లే చాలును. వెన్నుపాము దెబ్బతిని నడుము దిగువ స్పర్శ లేనివారు వేడి ఆసనములపై కూర్చుండి, తమకు తెలియకయే కాలినట్లు వైద్యులు నమోదు చేసిరి. అందుచేతనే 2011లో అమెరికాలో వాహనభద్రతను కోరువారు, ఇట్టి ఆసనముల ఉష్ణోగ్రతకును కాలమునకును హద్దు విధింపవలెనని ప్రభుత్వసంస్థను అర్థించిరి. కొంతసేపటికి తమంతట తామే తగ్గునట్లును, ఆగునట్లును ఏర్పరచిన ఆసనములు నేడు పెక్కు కలవు.

కావున ఆ బాలికకు మా సమాధానమిది: అమ్మాయీ, హద్దు నెరిగిన కన్ను ఉన్నంతవరకు కాల్చదు. ఆ కన్ను చెడినపుడు కాల్చవచ్చును. తనకు నొప్పి తెలిసినవాడు లేచిపోగలడు. తెలియనివాని పక్షమున యంత్రమే తెలిసికొనవలెను. మీలో రేపు ఇంజనీర్లు కాబోవువారు, యంత్రమును తమ చర్మమును బట్టి గాక, మా పెదతండ్రిగారి పాదములను తలచి నిర్మింపవలెనని మా కోరిక. అంతవరకు, ఇంటిలో మధుమేహమున్న పెద్దలకు వేడినీళ్ల సంచి ఇచ్చునపుడు మీ చేతితో తాకి చూచి, గుడ్డ చుట్టి యిచ్చి, వారు నిద్రింపకముందే తీసివేయుడు.

అభ్యాసము

1. 4 ఓముల తీగలు రెండింటిని 12 వోల్టుల బ్యాటరీకి శ్రేణిలోను, సమాంతరముగాను కలిపినపుడు పుట్టు సామర్థ్యములను లెక్కింపుము.

2. ద్విలోహపు పట్టీని సారాయి దీపముపై పట్టినపుడు ఏ లోహము వైపునకు వంగును? మంచునీటిలో ముంచినచో ఎటు వంగును? ప్రయోగశాలలో చేసి చూడుము.

3. థర్మిస్టరు తీగ తెగుటకును, దాని రెండు తీగలు ఒకదానినొకటి తాకుటకును గల భేదమేమి? ఏది ఎక్కువ అపాయకరము? ఏల?