భూగర్భజలము చెడినదో లేదో తెలిసికొనుట ఎట్లు?

ఊరి చెంత కర్మాగారమో, చెత్త దిబ్బయో యున్నపుడు బావినీరు రంగు మారినచో ప్రజలు మొదట పంచాయతీ సభ్యుని గుమ్మమునకే వత్తురు. అప్పుడు తొందరపాటు తగదు, ఉపేక్షయు తగదు. చెడిన నీటిని మంచిదనుట ప్రాణాపాయము. మంచి బావిని అనుమానముతో మూయించుట ఊరికి నష్టము. నీరు తేటగా నున్నంతమాత్రమున నిర్దోష మనరాదు. ఆర్సెనిక్, సీసము, నైట్రేటు కంటికి కనబడవు, కాచి చల్లార్చినను పోవు.

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతములలో పరిశ్రమల వ్యర్థజలములు నక్కవాగులో కలిసి, పరిసర గ్రామముల బావులను, పొలములను చెరచినవి. ఆ వివాదము 1990లో సుప్రీంకోర్టు వరకు పోయినది. భూమిలోనికి దిగిన విషము, దాని మూలమును ఆపిన పిమ్మటను త్వరగా పోదు. కావున ముందుగా కనిపెట్టుటయే మేలు.

ఇందుకు పరిశీలక బావులు త్రవ్వింతురు. సేద్యపు బోరు ఈ పనికి చాలదు. అది పలు లోతులనుండి నీటిని లాగి కలుపును గనుక, ఒక పొరలోని దోషము పలుచబడి మరుగున పడును.

బావులు కనీసము మూడుండవలెను. అవి ఒకే వరుసలో నుండరాదు. ఒకటి అనుమానిత స్థలమునకు ఎగువను, రెండు దిగువను ఉండుట మంచిది. ఎగువ బావిలోని నీటితో పోల్చినగాని దిగువ నీటి దోషము ఎక్కడిదో తేలదు.

భూమి వాలునుబట్టి ఎగువ దిగువలు ఊహింపవచ్చును గాని, నిశ్చయింపరాదు. ఉదాహరణకు, గొట్టపు అంచుల ఎత్తులు ఒకే ప్రమాణమునుండి మొదటి బావికి 102.40, రెండవదానికి 101.10, మూడవదానికి 101.80 మీటర్లనుకొందము. అంచునుండి నీరు వరుసగా 8.10, 7.60, 9.20 మీటర్ల లోతున నున్నది. తీసివేయగా నీటిమట్టములు 94.30, 93.50, 92.60 మీటర్లగును. మూడవ బావి నేల రెండవదానికంటె ఎత్తైనను, నీరు మాత్రము అటువైపునకే దిగుచున్నది. మన రాతినేలలలో నీరు పగుళ్లవెంట నడచును గావున, ఈ లెక్కయు స్థూలమైనదే యని గ్రహింపవలెను.

బావి నిర్మాణమునకు ఒక క్రమము కలదు. రంధ్రములో ప్లాస్టిక్ గొట్టము దింపుదురు. నీటి పొరకు ఎదురుగా నుండు భాగమునకు సన్నని చీలికలుండును. దాని చుట్టును కడిగిన ఇసుక నింపి, చీలికల పైభాగమునకు రెండడుగుల ఎత్తువరకు తెత్తురు. దానిపై మరి రెండడుగులు బెంటొనైటు బంకమట్టి వేయుదురు. అది తడిసి ఉబ్బి, పైనీరు దిగకుండ అడ్డగించును. మిగిలిన భాగము సిమెంటుతో పూడ్చి, పైన గచ్చు చేసి, మూతకు తాళము వేయవలెను. తాళములేని బావి సాక్ష్యము నమ్మరాదు. తరువాత నీరు తేటపడువరకు తోడి బావిని శుభ్రపరుపవలెను.

నమూనా తీయుటకు ముందు నీటిమట్టము కొలువవలెను. పిమ్మట గొట్టములో నిలిచిన పాతనీటిని తోడివేయవలెను. గొట్టము 10 సెంటీమీటర్ల వ్యాసము గలదై, నీరు 6 మీటర్లు నిలిచియున్నచో, అది సుమారు 47 లీటర్లు. సామాన్యముగా దీనికి మూడింతలు, అనగా 141 లీటర్లు తోడుదురు. ఉష్ణోగ్రత, పి.హెచ్., విద్యుద్వాహకత నిలకడగా నిలిచిన పిదప నమూనా పట్టుదురు. తోడిన నీటిని పొలములోనికి వదలక పీపాలలో నిలువ చేయవలెను.

మొదట శుభ్రమని తోచిన బావినుండియు, కడపట చెడినదని తోచిన బావినుండియు నమూనాలు తీయవలెను. లోహముల పరీక్షకు నీటిని వడపోసి నత్రికామ్లము కలుపుదురు. ఆవిరియగు ద్రావకముల పరీక్షకు సీసాలో గాలి బుడగ లేకుండ నిండుగా పట్టుదురు. సీసాపై బావి సంఖ్య, తేది, వేళ వ్రాసి, మంచుపెట్టెలో ప్రయోగశాలకు పంపుదురు. సీసా ఎవరిచేతినుండి ఎవరిచేతికి పోయినదో సంతకములతో నమోదు కావలెను.

ఫలితములను 2012 నాటి భారతీయ ప్రమాణముతో పోల్చుదురు. అందు లీటరునకు నైట్రేటు 45 మిల్లీగ్రాములు, సీసము 0.01 మిల్లీగ్రాము దాటరాదు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పక, వానలకు ముందును, తరువాతను పరీక్షింపవలెను.

ఈ పనులు నిపుణులవి. పంచాయతీ చేయదగినది వేరు. అనుమానము కలిగినంతనే తీర్మానము చేసి, కాలుష్య నియంత్రణ మండలికిని, భూగర్భజల శాఖకును వ్రాయవలెను. 1974 నాటి జలకాలుష్య చట్టము బావులనుండి నమూనాలు తీయు అధికారమును మండలి కిచ్చినది. నమూనా తీయునాడు సభ్యులు దగ్గరనుండి చూడవలెను, ఫలితముల ప్రతిని కోరవలెను, నీటిమట్టములను పుస్తకములో వ్రాసియుంచవలెను. ఫలితము తేలువరకు అనుమానిత బావినీరు త్రాగనీయక, వేరొక చోటినుండి మంచినీటి నేర్పాటు చేయుట సభ్యుల ప్రథమ కర్తవ్యము.